కార్డుకు కార్డు

రషీదా చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందూ వెనకా తిప్పి చూస్తుంది. పెళ్ళిపత్రిక అయినా అంతే. ముందువైపు ఏముందో అందరూ చదువుతారు. అంచున సన్నటి అక్షరాల్లో ఏముందో, వెనక ఎవరి ముద్ర ఉందో ఆమెకు కావాలి. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే అలీ అహ్మద్ భార్య అంటే పక్కవీధి వాళ్ళే గుర్తుపట్టరు గానీ, కాగితాల రషీదా అంటే పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా నేరుగా ఆ ఇంటి ముందుకే వచ్చి నిలబడతారు.

ఆమె చేసే పని చీరలకు ఫాల్స్ కుట్టడం, పికో చేయడం. మిషను పక్కన ఒక ముక్కాలిపీట ఉంటుంది. దాని మీద కూర్చునేవాళ్ళలో చీరలు తెచ్చినవాళ్ళు తక్కువ, వీసా కాగితాలు తెచ్చినవాళ్ళు ఎక్కువ. కువైట్ పోవడానికి సిద్ధమైన ఆడవాళ్ళు ఏజెంటు ఇచ్చిన కాగితాన్ని కొంగున చుట్టి తెచ్చి, ఆమె మొహంలోకి చూస్తూ కూర్చుంటారు. ఆమె మిషను ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వరుసే తడుముతుంది. నాలుగేళ్ళు కువైట్‌లో ఉన్నందుకు ఆమెకు అరబ్బీ అంకెలు, ఒక పాతిక మాటలు మిగిలాయి. ఆ పాతికలో ఒక మాట కనబడితే వేలు అక్కడే ఆగిపోతుంది.

“ఈడ సూడు. ఖాదిమా అని రాసుండాది. అంటే పనిమనిషి. నీకు కుట్టుపని అని చెప్పినాడు గదా వాడు? ఈ కాగితం వాని మొగాన కొట్టి రాపో.”

అలా ఆమె ఆపినవాళ్ళు చాలామంది ఉన్నారు. మాట వినకుండా వెళ్ళి, అక్కడి నుంచి ఆమెకే ఫోను చేసి ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. ఖాజీపేట అన్సర్ సంగతి మాత్రం వేరు. అతని వీసాలో ఏ తప్పూ లేదు. ముద్ర మసకగా ఉందని ఆమె పట్టుబట్టి ఆపేసింది. అతని బదులు పోయిన మనిషి అక్కడ డ్రైవరుగా కుదురుకుని ఊళ్ళో మిద్దె లేపాడు. అన్సర్ ఇప్పటికీ బజార్లో ఆమె ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటాడు.

“మసగ్గా ఉంటే మసగ్గా ఉండాదనే చెప్తా. నా కండ్లు నాకు అబద్ధం చెప్తాయా?” అని రషీదా పైకి దబాయిస్తుంది. లోపల మాత్రం అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక్క రోజులో వచ్చింది. అప్పుడు కూతురు సమీరాకు మూడేళ్ళు. కువైట్‌లో కుట్టుపని అని చెప్పి ఒక ఏజెంటు ఆరుగురు ఆడవాళ్ళను బొంబాయి తీసుకుపోయాడు. విమానం మర్నాడు. ఏజెంటు మనిషి ఒకడు నవ్వుమొహంతో వచ్చి, ఇంత దూరం వచ్చి ఊరు చూడకపోతే ఎట్లా అని అందరినీ ఒక వ్యానులో ఎక్కించాడు. సముద్రం చూపించాడు. దొరలు కట్టిన పెద్ద కమాను చూపించి దాని కథ చెప్పాడు. ఐస్‌క్రీం కొనిపెట్టాడు. ముద్ర వేయించాలని పాస్‌పోర్టులు పొద్దున్నే తీసుకున్నాడు. రషీదా తన జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. ఆ సంతోషం తలుచుకుంటేనే ఆమెకు ఇప్పటికీ తన మీద తనకు కోపం వస్తుంది. సాయంత్రం తిరిగొచ్చిన పాస్‌పోర్టులో వీసా కాగితం మీద ఉన్న మాట ఖాదిమా. అప్పటికి ఆమెకు అది చదవడం రాదు.

కువైట్‌లో దిగిన రోజే ఇంటి మేడం ఆ పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. “నా దగ్గర భద్రంగా ఉంటుంది” అంది. నాలుగేళ్ళూ భద్రంగానే ఉంది. రషీదా ఇంటికి వచ్చేసరికి ఏడేళ్ళ సమీరా నాయనమ్మ వెనక దాక్కుని, “ఈమె ఎవురు?” అని అడిగింది. ఆ ప్రశ్న పడ్డ చోటు ఆమె గుండెలో ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

ఆ సమీరాకే ఇప్పుడు ఉద్యోగం వచ్చింది.

డిగ్రీ అయ్యాక ఆ పిల్ల టూరిజం కోర్సు చదివింది. విశాఖపట్నంలో పాత ఊరిని పదిమంది లోపు గుంపులకు చూపించే చిన్న కంపెనీ ఒకటుంది, పేరు ‘అలల దారి’. వాళ్ళు ఫోనులోనే వీడియో పెట్టి మాట్లాడి గైడుగా తీసుకున్నారు. ఒకటో తారీఖున చేరాలి. ఫోనులోకి వచ్చిన ఉత్తరాన్ని రషీదా ప్రింటు తీయించి తెచ్చి, ముందూ వెనకా చూసింది. వెనక ఏమీ లేదు. ముందువైపు ఆఖరి వరుసలో ఉంది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకురావాలి అని.

“ఒరిజినల్స్ వాళ్ళకెందుకంట?” అంది రషీదా.

“సూసి ఇచ్చేస్తారుమా. అందరూ అడిగేదే.”

“అందరూ అడిగేదే అని నాకూ చెప్పినారు.”

“అది కువైట్. ఇది వైజాగ్, మన రాష్ట్రమే గదా!”

“బొంబాయి గూడా మన దేశమే పాపా.”

ఆ రోజే ఆమె సమీరా సర్టిఫికెట్లన్నీ తీసి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవిని నడుముకు కట్టుకునే గుడ్డసంచిలో వేసుకుంది. కువైట్ నుంచి వచ్చినప్పటి నుంచి ఆ సంచి ఆమె చీర కింద ఉంటూనే ఉంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం అన్నీ అందులోనే.

“నా దగ్గర భద్రంగా ఉంటాయి. నేను విచారించి చెప్తా, అప్పుడు పోదువు గానీ” అంది.

సమీరా లేచి లోపలికి పోయింది. అన్నం తినకుండా ముసుగుతన్ని పడుకుంది.

“పిల్ల ఆశపడి సదువుకున్యాది. పోనియ్యరాదూ?” అన్నాడు అలీ అహ్మద్, కుడుతున్న పరుపులోంచి తలెత్తి.

“నువ్వు గమ్మునుండు. నన్ను పంపించినప్పుడు గూడా నువ్వు నమ్మకంగానే పంపించినావు.”

ఆ మాట వచ్చాక అలీ అహ్మద్ ఇక నోరెత్తడు. ఆ మాట ఎక్కడ వాడాలో రషీదాకు తెలుసు, వాడిన ప్రతిసారీ తర్వాత బాధపడుతుంది కూడా.

‘అలల దారి’ యజమాని పాల్ రాజు అనే మనిషి సొంతూరు జమ్మలమడుగు అని సమీరా మాటల్లో అంతకుముందే తెలిసింది. మర్నాడే రషీదా జమ్మలమడుగు బస్సెక్కింది. పాల్ రాజు చిన్నాయన ఆనందయ్య అక్కడ టీచరుగా చేసి రిటైరయ్యాడు. తాతల నాడే క్రైస్తవ మిషన్ వాళ్ళ బడిలో అక్షరాలు నేర్చుకున్న కుటుంబం. ఆయన ఆమెను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, కొడుకు వరసైన మనిషి గురించి అరగంట మంచిగా చెప్పాడు.

“మావాడు చర్చిలో నిలబడి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదమ్మా.”

“చర్చి బయటికి వచ్చినాక, సారూ?”

ఆనందయ్య కాఫీగ్లాసు కింద పెట్టి ఆమెను తేరిపార చూశాడు. “నీతో మాటలతో అయ్యే పని కాదమ్మా. టికెట్టు కొనుక్కొని నువ్వే పోయి ఎక్కు. ఎట్ల తిప్పుతారో, ఆడబిడ్డల్ని ఎట్ల సూసుకుంటారో నీ కండ్లతోనే సూడు” అన్నాడు. కోపంతోనే అన్నాడు గానీ, ఇంటికొచ్చే బస్సులో రషీదాకు ఆ మాట కంటే మంచి మాట ఇంకొకటి తోచలేదు.

పులివెందులలో ఉన్న అక్క షరీఫాకు ఫోను చేసి, ఆమె పేరు మీద, ఆమె ఫోను నుంచి టూరు బుక్ చేయించింది.

“నా పేరెందుకే మధ్యలో?” అంది షరీఫా.

“సమీరా కాగితాల్లో తల్లి పేరుంటాది గదక్కా. నా పేరు సూస్తే వాళ్ళు ముందే జాగ్రత్త పడరా?”

సమీరాకు మాత్రం పెద్దమ్మను చూడ్డానికి పులివెందుల పోతున్నానని చెప్పింది. అసలు సంగతి అలీ అహ్మద్‌కు ఒక్కడికే తెలుసు. ఆయన రెండు జతల బట్టలు, పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టి కడపలో రైలెక్కించి వచ్చాడు.

విశాఖపట్నంలో చెప్పిన చోటుకు చెప్పిన టైముకే వ్యాను వచ్చింది. రషీదాకు అది నచ్చలేదు. బొంబాయిలో వ్యాను కూడా టైముకే వచ్చింది. ఎక్కే ముందు బండి నంబరు పెన్నుతో అరచేతిలో రాసుకుంది. తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో రెండుసార్లు లాగి చూసి, ఆ తలుపు పక్క సీట్లోనే కూర్చుంది. ఆమెతో కలిపి ఎనిమిదిమంది. రాజమండ్రి నుంచి వచ్చిన రిటైర్డు బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య ముందు సీట్లో కూర్చున్నారు. మిగిలినవాళ్ళు చదువుకుంటున్న ఆడపిల్లలు ఐదుగురు.

గైడు పేరు ఏంజెల్. పాతికేళ్ళుంటాయి. చేతిలో నల్లగొడుగు, మెడలో ఫోటో ఉన్న పాసు. నవ్వుమొహం. ఆ నవ్వు చూడగానే రషీదా గుడ్డసంచిని చీర మీంచి ఒకసారి తడుముకుంది.

“మీరు షరీఫా గారు కదండీ? అంత దూరం నుంచి ఒక్కరే వచ్చారా?”

“ఒక్కదాన్నే. ఏం, రాగూడదా?”

“అయ్యో, బాగుందండీ. మీకు ఎక్కడ కాళ్ళు నొప్పెట్టినా చెప్పండి, ఆగుదాం.”

తీపి మాటలు అనుకుంది రషీదా.

మొదట పాత ఊళ్ళో దొరల సమాధుల తోటకు తీసుకుపోయారు. గోడల వెంబడి పిచ్చిచెట్లు, నాచుపట్టిన రాళ్ళు. ఒక రాయి దగ్గర ఏంజెల్ ఆగి, ఇక్కడున్నది పందొమ్మిదేళ్ళ అమ్మాయి అని చెప్పింది.

“ఎట్ల సచ్చిపోయింది?” అని అడిగింది రషీదా.

“తెలీదండీ. రాయి మీద పేరూ వయసే ఉన్నాయి.”

“అదేంటమ్మా, ప్రేమ విఫలమై సముద్రంలో దూకేసిందని క్రిందటిసారి వచ్చినప్పుడు వేరే గైడు చెప్పాడే!” అన్నాడు బ్యాంకాయన.

“అలా చెప్తారండీ. నేను వెతికిన పుస్తకాల్లో మాత్రం దొరకలేదు. దొరకనిదాన్ని నాకు తెలీదనే చెప్తాను.”

రషీదా ఆ పిల్ల మొహంలోకి పరీక్షగా చూసింది. బొంబాయిలో ఆ నవ్వుమొహంవాడు రోజంతా మాట్లాడాడు, ఒక్కసారి కూడా తెలీదు అనలేదు. ఏది అడిగినా జవాబు ఉండేది వాడి దగ్గర. ఇది వేరేగా ఉంది. ఉన్నంతలో మంచి గుర్తే. కానీ బాగా తెలివైనవాళ్ళు అలా కూడా నటిస్తారు, అంత తొందరగా లొంగిపోకూడదు అని మనసుకు గట్టిగా చెప్పుకుంది.

తర్వాత పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. దర్గా కొండ ఎక్కి రషీదా తల మీద కొంగు సర్దుకుని, సమీరా విషయంలో నాకు దారి చూపించు సామీ అని మొక్కుకుంది. మొక్కుకుంటూనే ఒక కన్ను తెరిచి కింద వ్యాను ఉందో లేదో చూసుకుంది.

“ఓడలు ఈ కొండ ముందు నుంచి పోయేటప్పుడు దర్గాకి సలాం చేసి పోయేవని చెప్పుకుంటారండీ” అంది ఏంజెల్.

“నువ్వు సూసినావా?”

“లేదండీ. హార్బర్లో పనిచేసిన మా తాత చెప్పేవాడు.”

దూరంగా సముద్రం తళతళలాడుతోంది. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. రషీదా అటు వీపు పెట్టి నిలబడింది. సముద్రం ఆమె జీవితంలో రెండుసార్లే చూసింది. ఒకసారి బొంబాయిలో నవ్వుకుంటూ, ఇంకోసారి కువైట్‌లో మేడం కారు అద్దంలోంచి పిల్ల గుర్తొచ్చి ఏడ్చుకుంటూ. నీళ్ళంటే భయం లేదు గానీ, ఆ వాసన తగలగానే మొహం తిప్పేసుకుంటుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె కావాలనే ఏంజెల్ పక్కన కూర్చుంది. ఎక్కడ ఉంటావు, ఇంటికి ఎన్ని గంటలకు పోతావు, ఆదివారం సెలవిస్తారా అని ఒక్కొక్కటే లాగింది. అసలు ప్రశ్న ఆఖరికి, చేపముక్కలో ముల్లు తీసుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడిగింది.

“మీ ఆఫీసులో సర్టిఫికెట్లు పెట్టుకుంటారా పాపా?”

“లేదండీ. చేరిన రోజు చూసి ఇచ్చేస్తారు. నావి మా అమ్మ దగ్గర ఉన్నాయి.”

“ఇట్ల చెప్పమని నీకు నేర్పించినారా?”

ఏంజెల్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. తర్వాత పెద్దగా నవ్వేసింది. “మీరు పోలీసు డిపార్టుమెంటా ఆంటీ?”

రషీదా నవ్వలేదు. మాటలు ఎవరైనా చెప్తారు.

ఆఖరుగా చూడాల్సింది సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ, దాని మీద లైట్‌హౌస్. కొండ దారిలో ఒక గేటు, గేటు దగ్గర కాపలావాళ్ళు. వ్యాను ఆగింది. ఏంజెల్ లేచి నిలబడింది.

“అందరూ ఆధార్ కార్డులు ఇవ్వండి. ఇక్కడ పెట్టి వెళ్ళాలి, తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేస్తారు.”

ఆడపిల్లలు సంచుల్లోంచి కార్డులు తీసి చాచారు. రషీదా పొద్దుటి నుంచి ఎదురుచూసిన మాట ఇదే. వ్యాను, సముద్రం, నవ్వుమొహం, కథలు, ఇప్పుడు కాగితాలు.

“ఇయ్యద్దండి!” అని అరిచింది. “ఒసే పిల్లలారా, ఎవురూ ఇయ్యద్దండి. కార్డు చేతులు మారితే మీరు యాడ తేల్తారో మీకే తెలీదు. నేను సూసినా. నేను పడినా!”

“ఇదేంటండీ ఈవిడ?” అని బ్యాంకాయన భార్య గొణిగింది. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. రషీదా చేయి అప్పటికే తలుపు గడియ మీద ఉంది.

ఏంజెల్ ఆమె ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. కోపం లేదు, ఆ నవ్వు కూడా లేదు. సంచిలోంచి ఒక కార్డు తీసి రషీదా ఒళ్ళో పెట్టింది.

“ఇది నా ఆధార్ ఆంటీ. మీ కార్డు మీ చేతికి తిరిగొచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. నాకిక్కడ పాసు ఉంది, కార్డు అక్కర్లేదు. మీకు ఇవ్వాలనిపించకపోతే కూడా ఫర్వాలేదు, గేటు బయట నీడలో మనిద్దరం కూర్చుందాం. వీళ్ళని డ్రైవరు తీసుకెళ్ళి తీసుకొస్తాడు.”

రషీదా ఆ కార్డును ముందూ వెనకా తిప్పి చూసింది. ఫోటో చూసి ఆ పిల్ల మొహం చూసింది. అంచును బొటనవేలితో రుద్ది చూసింది. పద్దెనిమిదేళ్ళలో ఆమె కాగితం అడిగినవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, బదులుగా తమ కాగితం చేతిలో పెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ కార్డును గుడ్డసంచి అడుగున దోపుకుని, తన కార్డు తీసి ఇచ్చింది.

అయిదు నిమిషాలకు గేటు దగ్గరి కాపలామనిషి కిటికీ దగ్గరికి వచ్చాడు.

“షరీఫా ఎవరు? లిస్టులో షరీఫా అని ఉంది. ఈ కార్డులో రషీదా అని ఉంది.”

ఏడుగురూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. ఇంతసేపూ లోకంలోని దొంగ కాగితాలన్నిటినీ వెతుకుతున్న మనిషి, ఆ వ్యానులో ఉన్న ఒకే ఒక్క తప్పుపేరు తనదే అన్న సంగతి మరిచేపోయింది.

“మారుపేరుతో టూరేంటమ్మా!” అన్నాడు బ్యాంకాయన. “పైగా పిల్లల్ని కార్డులివ్వొద్దంటుంది!”

“నా పేరు రషీదానే” అంది ఆమె సిగ్గుతో. “షరీఫా మా అక్క.”

ఏంజెల్ కాపలామనిషి చేతిలోంచి లిస్టు తీసుకుంది. “అక్క పేరు మీద బుక్ చేసుకున్నారు సార్. కార్డులో ఉన్నదే ఈవిడ పేరు, నేను సరిచేస్తాను” అని పాతపేరు కొట్టేసి పక్కన రషీదా అని రాసి సంతకం పెట్టింది. ఎందుకు, ఏమిటి అని ఒక్క ముక్క అడగలేదు.

పైన లైట్‌హౌస్ దగ్గర గాలి చీర లాగేస్తోంది. మిగిలినవాళ్ళు మెట్లెక్కిపోయారు. రషీదా కింద అరుగు మీద కూర్చుంటే ఏంజెల్ వచ్చి పక్కన గొడుగు తెరిచి పట్టింది.

“ఎందుకు అట్ల చేసినావని అడగవా?”

“చెప్పాలనిపిస్తే మీరే చెప్తారు కదండీ.”

రషీదా చెప్పింది. సమీరా పేరు ఎత్తకుండా మిగిలిందంతా చెప్పింది. బొంబాయి, ఐస్‌క్రీం, ఖాదిమా, మేడం బీరువా, ఈమె ఎవురు అన్న మాట. చెబుతూ చెబుతూ ఎప్పుడు తిరిగిందో గానీ సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఏంజెల్ నాలుగేళ్ళా అని ఒకే ఒక్క మాట అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని రషీదా లేచింది.

గేటు దగ్గర కార్డులు తిరిగొచ్చాయి. రషీదా తనది అందుకుని చేతిసంచిలో వేసుకుంది. ఆ సిగ్గులో ఎవరి మొహమూ చూడకుండా స్టేషను దగ్గర దిగిపోయింది.

మర్నాడు కడపలో రైలు దిగి ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. చెన్నూరు దాటుతుండగా కండక్టరు వచ్చాడు. రషీదా అలవాటు కొద్దీ గుడ్డసంచిలో చెయ్యి పెట్టి, తగిలిన కార్డు తీసి చూపించింది.

“ఏందమ్మా ఇది? పేరు ఏంజెల్ అనుండాది, అడ్రసు వైజాగు. ఈ ఫోటో నీది గాదు గదా!”

బస్సులో నలుగురు తలలు తిప్పారు. రెండు రోజుల్లో రెండోసారి. రషీదా తడబడుతూ చేతిసంచిలోంచి తన కార్డు తీసి చూపించింది. కండక్టరు రెండు కార్డుల వంకా ఆమె వంకా అనుమానంగా చూసి ముందుకు పోయాడు. ఆ చూపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అది తను రోజూ చూసే చూపే.

టూరు కోసం షరీఫా పంపిన ఏంజెల్ నంబరు ఫోనులో ఉంది. వెంటనే చేసింది.

“పాపా, నేను రషీదాను. నీ కార్డు నా కాడనే ఉండిపోయింది. మతిలేక తెచ్చుకున్యా.”

“తెలుసు ఆంటీ. మీరు దిగిపోయాక గుర్తొచ్చింది.”

“మరి ఫోను చెయ్యకపోతివే? దాన్ని పెట్టుకొని నేనేమన్నా చేస్తే?”

“మీరా?” అని నవ్వింది ఏంజెల్. “సమీరాతో పంపించండి. ఒకటో తారీఖుకి వస్తుంది కదా.”

రషీదా ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది. ఆ పేరు తను ఎత్తనే లేదు. “నీకెవురు చెప్పినారు?”

“మీ కార్డు మీద అడ్రసు చూశానండీ. సమీరా కాగితాలు ఫైల్లో పెట్టింది నేనే. ప్రొద్దుటూరు, అదే డోరు నంబరు.”

“అందుకనా నన్ను అంత మర్యాదగా సూసుకుంటివి?”

“ఆంటీ,” అంది ఏంజెల్ నెమ్మదిగా, “నా కార్డు మీకిచ్చేటప్పటికి మీది ఇంకా నా చేతికి రాలేదు.”

రషీదా ఫోను పెట్టేసి ఆ మాటను కూడా ముందూ వెనకా తిప్పి చూసింది. మొదట ఆ పిల్ల కార్డు తన ఒళ్ళోకి వచ్చింది. తర్వాతే తనది ఆమె చేతికి పోయింది. ఎటు నుంచి చూసినా అందులో తప్పు దొరకలేదు. ఖాజీపేట వచ్చింది, పోయింది. అన్సర్ గుర్తొచ్చి, కనబడితే ఈసారి తనే పలకరించాలనుకుంది.

ఇంటికొచ్చేసరికి సమీరా మిషను మీద కూర్చుని, పేరుకుపోయిన చీరలకు ఫాల్స్ కుడుతోంది. నాలుగు రోజుల నుంచి తల్లితో మాటల్లేవు. రషీదా ఏంజెల్ కార్డు తీసి మిషను మీద పెట్టింది.

“ఎవురిదిమా ఇది?” అని చూసి, అడ్రసు చదివి, సమీరా లేచి నిలబడింది. “నువ్వు పులివెందుల పోలేదా? వైజాగ్ పోయినావా? నన్నడక్కుండా?”

“పోయినా. సూసినా. మంచోళ్ళే.”

“ఈమె కార్డు నీ కాడెందుకుండాది? పాపం, ఆమెకు ఏదన్నా అవసరం పడితే?”

“ఏం గాదులే. నా దగ్గర భద్రంగా...”

అక్కడికి ఆగిపోయింది. ఆ మాట తన నోట్లోంచి వచ్చి తన చెవికే తగిలింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఆ మాటను మేడం గొంతులోనే వింటోంది. ఇప్పుడు వినబడ్డది తన గొంతు. ఇదే మాట మొన్న కూడా అంది, ట్రంకుపెట్టెకు తాళం వేస్తూ, ఈ పిల్ల మొహంలోకి చూస్తూ. ఆ రోజు ఈ పిల్ల అన్నం తినకుండా పడుకుంది. మేడం ఇంట్లో మొదటి రాత్రి తనూ తినలేదు.

ఆమె లోపలికి వెళ్ళి, నడుము సంచిలోంచి తాళంచెవి తీసి, పెట్టె తెరిచింది. సర్టిఫికెట్ల కట్ట తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. పక్కనే ఏంజెల్ కార్డు కూడా.

“ఇది ఆ పిల్లకు నీ చేత్తోనే ఇయ్యి. తప్పయింది అని నా మాటగా చెప్పు.” మొహం పక్కకు తిప్పుకుని, “నీకూ చెప్తాండా” అంది.

సమీరా ముక్కాలిపీట మీద కూర్చుని, కట్ట విప్పి, ఒక్కొక్క కాగితాన్నీ ముందూ వెనకా తిప్పి చూసుకోవడం మొదలుపెట్టింది.

“అన్నీ ఉండాయిలే, నేనేం తీసుకోలేదు” అంది రషీదా, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో.

“ఉండుమా. సూస్తాండా” అంది సమీరా, తలెత్తకుండా.